ఎడమచేతి తప్పు

మాస్టారికి బావమరిది మీద ఉన్నది కోపం కాదు, అసూయ. కోపమే అయితే ఎప్పుడో ఒకప్పుడు చల్లారేది. ఈ సంగతి ఆయన భార్యకు తెలుసు, పక్కవాటా వాళ్లకు తెలుసు, వయొలిన్లకు తీగలు మార్చే దుకాణంలో కూర్చునే ముసలాయనకు కూడా తెలుసు. మాస్టారు మాత్రం దానికి 'సంగీతం మీద గౌరవం' అని పేరు పెట్టుకున్నాడు. వాడు సంగీతాన్ని సర్వనాశనం చేస్తున్నాడనీ, తన బాధంతా సంగీతం కోసమేననీ చెప్పుకునేవాడు. వినేవాళ్లు బుద్ధిగా తల ఊపి, ఆయన వీధి మలుపు తిరిగాక నవ్వుకునేవాళ్లు.

ఆ బావమరిదికి మీసాలు కూడా సరిగా రాని వయసులో చేరదీసింది మాస్టారే. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. ఇంట్లో పెట్టుకుని, తిండిపెట్టి, తన రికార్డింగుల్లో కీబోర్డు వాయించడానికి కూర్చోబెట్టాడు. అప్పట్లో మాస్టారికి చేతినిండా పని ఉండేది. సినిమాలకు పాటలు కట్టాడు, నాటకాలకు కట్టాడు, తాను గొప్పవనుకున్నవి చాలా కట్టాడు. జనం వాటన్నిటినీ మర్యాదగా విని, మర్యాదగా మరిచిపోయారు. మరిచిపోనిది ఒక్కటే, పళ్లపొడి ప్రకటన కోసం టిఫిను చేసి చెయ్యి కడుక్కునేలోపు కట్టి పారేసిన పాట. 'పళ్లూ పళ్లూ నవ్వండి' అని మొదలవుతుంది. కీబోర్డు మీద ఐదు నల్లమెట్లు తప్ప వేరేవి ముట్టుకోనక్కర్లేదు, నడక నేర్చిన పిల్లలు కూడా వేలితో పొడిచి వాయించేస్తారు. ఆ పాట పుణ్యమా అని పరిశ్రమలో ఆయనకు ఒక పేరు స్థిరపడిపోయింది. ఎదురుగా మాస్టారు, వెనక పళ్లపొడి మాస్టారు.

బావమరిది వేరుపడి సొంతంగా పాటలు కట్టడం మొదలుపెట్టిన కొన్నాళ్లకు ప్లాట్‌ఫారం పాట వచ్చింది. సినిమాలో రైలు వెళ్లిపోయాక ఖాళీ ప్లాట్‌ఫారం మీద ఒకావిడ కూర్చుని పాడుతుంది. సినిమా పోయింది, పాట మిగిలింది. ఎవరి నోట విన్నా అదే పాట. మాస్టారు మొదటిసారి దాన్ని మంగలిషాపులో రేడియోలో విన్నాడు. సగం గడ్డం గీసి ఉండగా కళ్లు చెమర్చాయి. సబ్బు నురగ కంట్లో పడిందని మంగలిని కసిరాడు. ఆ తరువాత పాట కట్టింది ఎవరో రేడియోలో చెప్పారు. అప్పుడు మొదలైంది కడుపులో మంట, మళ్లీ తగ్గలేదు.

అంతకన్నా పెద్ద బాధ ఇంట్లో ఉండేది. ఆయన భార్యకు పని చేసుకుంటూ కూనిరాగం తీసే అలవాటు. బట్టలు మడతపెట్టినా, కూరలు తరిగినా, అద్దం ముందు జడ వేసుకున్నా ఆవిడ గొంతులో అదే పాట. మొగుడు కట్టిన వందలాది పాటల్లో ఒక్కటైనా ఎప్పుడూ ఆ నోట పలకలేదు. మాస్టారు ఒకసారి ఉండబట్టలేక, "ఇంట్లో సంగీత దర్శకుడు ఒకడున్నాడు, గుర్తుందా?" అన్నాడు. ఆవిడ మడతపెడుతున్న చొక్కా మీంచి తల ఎత్తకుండానే, "ఉన్నారుగా, మీ చొక్కాయే మడతపెడుతున్నా" అంది.

అందుకని ఆయన ఒక దీక్ష పట్టాడు. ఇంత మంచి పాట వాడికి సొంతంగా వచ్చి ఉండదు, ఎక్కడో కొట్టుకొచ్చి ఉంటాడు, అది ఎక్కణ్నుంచో పట్టుకోవాలి. పాత సామాన్ల దుకాణాలు తిరిగాడు. దుమ్ము పట్టిన రికార్డులు సంచులకొద్దీ మోసుకొచ్చాడు. ఊరూ పేరూ తెలియని దేశాల పాటలన్నీ పక్కన కాగితం పెట్టుకుని విన్నాడు. దగ్గీ దగ్గీ గొంతు, వినీ వినీ చెవులు అరిగిపోయాయి కానీ దొంగసొత్తు దొరకలేదు. చివరికి ఈమధ్య ఒక రికార్డు దొరికింది. సముద్రం అవతలి ఏ దేశానిదో జోలపాట. మొదటి నాలుగు స్వరాలు ప్లాట్‌ఫారం పాటలాగే ఉన్నాయి. ఆ తరువాత దాని దారి దానిది, వీడి దారి వీడిది. అయినా నాలుగు స్వరాలు చాలు, నలుగురి ముందు పరువు తియ్యడానికి.

నలుగురి ముందు కూర్చునే అవకాశం కూడా వెతుక్కుంటూ వచ్చింది. రేడియో స్టేషను వాళ్లు ఒక కార్యక్రమం చేస్తున్నారు. సంగీతం వాళ్లను నలుగురిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, తమను అన్నిటికన్నా కదిలించిన పాట ఏమిటో చెప్పిస్తారు. ఒకటే షరతు, ఎవరి పాట వాళ్లు చెప్పుకోకూడదు. పిలిచిన నలుగురిలో మాస్టారూ ఉన్నాడు, బావమరిదీ ఉన్నాడు. జోలపాటే తనను కదిలించిందని చెప్పి, రికార్డు పెట్టించి, 'ఇది ఎక్కడో విన్నట్టుంది కదూ' అని అమాయకంగా అడగాలని మాస్టారి పథకం. ఆ మాట అద్దం ముందు నిలబడి చాలాసార్లు అని చూసుకున్నాడు. ప్రతిసారీ అమాయకత్వం కాస్త తక్కువే వచ్చింది.

బయల్దేరేటప్పుడు భార్య ఆయన చంకలోని గుడ్డసంచి వైపు చూసింది. అందులో ఏముందని అడగలేదు.

"మీకు నిజంగా నచ్చిన పాట చెప్పి రండి, చాలు" అంది.

"నాకు నచ్చింది నాకు తెలుసులే" అన్నాడు మాస్టారు.

"తెలుసు కాబట్టే చెబుతున్నా" అని ఆవిడ తలుపు వేసుకుంది. మెట్లు దిగుతుంటే లోపల్నుంచి కూనిరాగం వినపడింది. మళ్లీ అదే.

స్టూడియో గదికి గోడలనిండా బూడిదరంగు మెత్త అంటించి ఉంది. మధ్యలో గుండ్రటి బల్ల, దాని మీద మైకులు, మూలన ఒక పాత కీబోర్డు. అద్దం అవతల ఇంజనీరు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆవలిస్తున్నాడు. ప్రశ్నలడిగే యాంకరమ్మాయి అందరికీ మంచినీళ్లు పోసింది. మాస్టారికి ఒక పక్క రికార్డుల కంపెనీ యజమాని, ఇంకో పక్క ఒకప్పుడు వెలిగిపోయిన గాయని, ఎదురుగా బావమరిది. వాడు లేచి వచ్చి, అక్క ఎలా ఉందని అడిగాడు. బాగానే ఉందని మాస్టారు ముక్తసరిగా చెప్పి, సంచిని ఒళ్లోకి లాక్కున్నాడు. వాడి జుట్టు నెరవడం చూసి కాస్త సంతోషించాడు. తన నెత్తిన అసలు జుట్టే లేదన్న సంగతి ఆ క్షణానికి గుర్తు రాలేదు.

తాను ఆఖరున చెబుతానని మాస్టారు ముందే మాట తీసుకున్నాడు. వయసులో పెద్దాయన కదా అని సరేనన్నారు.

మొదట యజమాని చెప్పాడు. తనకు సంగీతం ఒక్క ముక్క రాదనీ, రాకపోవడం వల్లే ఇన్నాళ్లు వ్యాపారం చెయ్యగలిగాననీ అన్నాడు. ఒకరోజు కారులో ఆఫీసుకు వెళ్తుంటే ప్లాట్‌ఫారం పాట వచ్చిందట. గేటు ముందుకు చేరినా డ్రైవరు దిగి తలుపు తియ్యలేదట. ఇంజను ఆపేసి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడట. తానూ దిగలేదు. పాట అయ్యాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఎవరి పని వాళ్లు చేసుకున్నారట. అంతకు మించి తనకు చెప్పడం రాదని యజమాని నీళ్లు తాగాడు. మాస్టారికి ఆ డ్రైవరు మీద కూడా ఒళ్లు మండింది.

తరువాత గాయని. ఆవిడా అదే పాట అంది. మాస్టారు లోపల్లోపల పళ్లు నూరుకున్నాడు. కానీ ఆవిడ చెప్పిన తీరు వేరుగా ఉంది. ఆ పాట తనే పాడాల్సిందనీ, రికార్డింగు రోజున గొంతు బొంగురుపోతే ఇంకో అమ్మాయిని పిలిచారనీ, ఆ అమ్మాయి ఒక్క పాటతో ఎక్కడికో వెళ్లిపోయిందనీ దాచకుండా చెప్పింది.

"ఇప్పటికీ ఆ పాట వస్తే ఏడుస్తాను" అంది. "పాట బాగుందని కొంత, అది నాకు దక్కలేదని కొంత. ఏ కన్నీళ్లు దేనివో విడదీసి చెప్పమంటే నావల్ల కాదు."

మాస్టారు ఉలిక్కిపడి ఆవిడ వైపు చూశాడు. ఇన్నేళ్లుగా తాను ఒక్కడే ఉంటున్నాననుకున్న ఇంట్లో ఇంకెవరో దగ్గినట్టయింది. ఆవిడంటే ఎక్కడలేని అభిమానం పుట్టుకొచ్చింది. అయినా ఒళ్లోని సంచిని వదల్లేదు.

ఇక బావమరిది వంతు. వాడు కాసేపు బల్ల మీద వేళ్లతో తాళం వేశాడు. తరువాత, తనను అన్నిటికన్నా కదిలించిన పాట 'పళ్లూ పళ్లూ నవ్వండి' అన్నాడు.

యజమాని పక్కున నవ్వాడు. యాంకరమ్మాయి నవ్వు ఆపుకోలేక పెన్ను కిందపడేసుకుని బల్ల కిందికి వంగింది. అద్దం అవతల ఇంజనీరుకు ఆవలింత పోయింది. మాస్టారికి చెవులు వేడెక్కాయి. వీధిలో పోయేవాడు అనే మాట వేరు, ఇంట్లో అన్నం తిన్నవాడు రేడియోలో అనే మాట వేరు. పుండు మీద కారం చల్లడానికే వీడు ఇక్కడిదాకా వచ్చాడనుకున్నాడు. రికార్డు బయటికి తియ్యడానికి సంచి ముడి విప్పడం మొదలుపెట్టాడు. తొందరలో ముడి ఇంకా బిగిసింది.

బావమరిది మాత్రం నవ్వలేదు. లేచి వెళ్లి మూలనున్న కీబోర్డు ముందు కూర్చున్నాడు.

"బావ రికార్డింగుల్లో వాయించేవాణ్ని" అని మొదలుపెట్టాడు. "ఈ పాట రికార్డింగు రోజున నా ఎడమచెయ్యి తప్పుపడింది. కుడిచెయ్యి సరిగ్గానే వాయించింది. కింద ఆధారంగా నొక్కి పట్టాల్సిన మెట్టు మీద కాకుండా, నా వేలు దాని పక్కనున్న నల్లమెట్టు మీద పడింది."

ముందు సరైనది వాయించి చూపించాడు. ఎడమచేతి వేలు ఒక నల్లమెట్టును నొక్కి పట్టి ఉంచితే, కుడిచెయ్యి పైన పళ్లపొడి పాట గంతులేసింది. అందరి కాళ్లూ వాటంతటవే ఊగాయి. తరువాత వాడు కుడిచేతిని అవే మెట్ల మీద, అదే వరసలో, మెల్లగా నడిపించాడు. ఎడమచేతి వేలు ఒక్కటే పక్కమెట్టుకు జరిగింది.

గదిలోకి ప్లాట్‌ఫారం పాట వచ్చింది.

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. గాయనికి ముందు అర్థమై, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వాడు మళ్లీ వాయించాడు. వేలు ఇటుంటే పళ్లపొడి, అటుంటే ప్లాట్‌ఫారం. పైన స్వరాల్లో పిసరంత తేడా లేదు. ఇటున్నప్పుడు అదే పాట పిల్లాడిలా వీధిలోకి పరిగెత్తుతోంది, అటు జరగ్గానే వెనక్కి తిరిగి నిలబడి చూస్తోంది.

"బావ నన్ను తిట్టి సరిచేయించారు" అన్నాడు వాడు. "ఇంటికొచ్చినా ఆ తప్పు నన్ను వదల్లేదు. కొన్నేళ్ల తరువాత దాన్నే నిదానంగా వాయించి పాట చేశాను. ఎన్నోసార్లు చెబుదామనుకున్నాను. బావ నాతో మాట్లాడరు కదా. నా పాట అని జనం అంటారు, అందులో మెట్లన్నీ ఆయనవే."

మాస్టారి చేతిలో సంచి ముడి అలాగే ఉండిపోయింది. దొంగసొత్తు కోసం ప్రపంచంలో ఉన్న రికార్డులన్నీ గాలించాడు. సొంత ఇంట్లో వెతకాలని మాత్రం తోచలేదు. తోచదు కూడా. ఎదుటివాడి జేబులో ఎవరి సొత్తు దొరుకుతుందా అని చూసేవాడు తన జేబు తడుముకోడు. అంత పనిమంతుడైన సంగీత దర్శకుడు, తన పాటను తాను గుర్తుపట్టలేక దాని మీద కుళ్లుకుంటూ జుట్టు పోగొట్టుకున్నాడు.

యజమాని ఆయన భుజం తట్టి, అయితే ఇన్నాళ్లూ అందరినీ ఏడిపించింది మన మాస్టారన్నమాట అన్నాడు. యాంకరమ్మాయి కళ్లు మెరిశాయి. ఆ పాట అసలు తమరిదేనని ఇప్పుడే తెలిసింది కాబట్టి, ఎలా ఉందో శ్రోతలకు చెప్పమని మైకు ఆయన వైపు జరిపింది. ఏ మాట కోసం ఆయన కళ్లలో ఒత్తులు వేసుకుని ఎదురుచూశాడో, ఆ మాట వాడి నోటితోనే, పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టు వచ్చింది. ఒక్కసారి తల ఊపితే చాలు. ఇక వెనక కూడా పళ్లపొడి మాస్టారు అనేవాడుండడు.

కానీ మాస్టారికి ఆ రికార్డింగు రోజు గుర్తొచ్చింది. చాలా స్పష్టంగా గుర్తొచ్చింది. కుర్రాడి వేలు పక్కమెట్టు మీద పడగానే తన కడుపులో ఏదో కదిలింది. నిజంగా కదిలింది. అది ఏమిటో ఆగి చూసుకోకుండా, "ఎవరైనా పోయారా ఇక్కడ? పళ్లపొడి అమ్మాలా వద్దా? తీసెయ్" అని అరిచాడు. వాడు తీసేశాడు. అంటే ఆ పాట ముందు తన చెవినే పడింది. తాను గుమ్మంలోంచే పొమ్మన్నాడు, వాడు వెనకాలే వెళ్లి చెయ్యిపట్టుకుని తీసుకొచ్చాడు. దొంగతనమే అయినా బాగుండేది. కనీసం పోగొట్టుకున్నవాడి గౌరవమైనా దక్కేది.

అసూయ తగ్గుతుందేమోనని ఆయన ఒక్క క్షణం ఎదురుచూశాడు. తగ్గలేదు, పైపెచ్చు పెరిగింది. ఇదివరకు వాడికి పాట ఉందని అసూయ. ఇప్పుడు తన దగ్గర ఐదు మెట్లూ ఉండి కూడా, వాడికున్న ఆ ఒక్క వేలు లేదని అసూయ.

"మెట్లు నావే" అన్నాడు మాస్టారు మైకులో. "పాట వాడిది. పైన నేను కట్టినదానికి జనం పళ్లు తోముకున్నారు. ఏడ్చింది వాడి ఎడమచేతికి. నన్ను ఏడిపించే పాట కూడా అదే. మంగలిషాపులో మొదలుపెట్టి ఇవాళ్టిదాకా ఏడుస్తూనే ఉన్నాను. అలాగని వాడి మీద ప్రేమ పొంగుతోందనుకోకండి. వాణ్ని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది."

గాయని బల్ల కింద ఆయన చెయ్యి ఒకసారి నొక్కి వదిలేసింది. యాంకరమ్మాయి సందిగ్ధంగా చూసి, ఆ చివరి మాట ఉంచమంటారా, తీసెయ్యమంటారా అని అడిగింది.

"ఉంచెయ్యమ్మా" అన్నాడు మాస్టారు. "ఒకసారి తీసెయ్యమన్నందుకే ఇంతదూరం వచ్చింది."

బయటికి వచ్చాక బావమరిది మెట్ల దగ్గర ఆగి, ఇంటికొకసారి రావచ్చా బావా అని అడిగాడు. మీ అక్క ఇల్లే కదా, నన్నడుగుతావేం అన్నాడు మాస్టారు. అది రమ్మనడమో పొమ్మనడమో వాడికి తెలియలేదు, నిజానికి ఆయనకూ తెలియదు. సంచిలో ఏముందని యజమాని అడిగితే, ఏదో పాతదని చెప్పి ముందుకు నడిచాడు.

ఇంటికి చేరేసరికి సాయంత్రం ఎండ వంటింటి గడపదాకా వచ్చి ఉంది. భార్య బీన్సు తుంచుతోంది. ఎలా జరిగిందని అడిగితే, బాగానే జరిగిందన్నాడు. ఇంకేమీ చెప్పలేదు. చెప్పులు విడిచి, ముందుగదిలో ఉన్న తన కీబోర్డు ముందు ఊరికే కూర్చున్నాడు. కాసేపటికి వంటింట్లోంచి కూనిరాగం మొదలైంది.

మాస్టారు మొదటిసారి దాన్ని జాగ్రత్తగా విన్నాడు. ఒక్క గొంతు, కింద ఏ ఆధారమూ లేదు. ఎడమచెయ్యి లేదు. అంటే అది ఎవరి పాటైనా కావచ్చు. ఇన్నేళ్లూ ఆవిడ పాడుతున్నది తమ్ముడిదే అనుకుని తాను మాడిపోయాడు. ఎవరు చెప్పొచ్చారు, తనదేనేమో. ఆ ఆలోచన రాగానే ఆయన గుండె కుర్రాడి గుండెలా కొట్టుకుంది. చప్పుడు కాకుండా కీబోర్డు స్విచ్చు వేసి, ఆవిడ గొంతుకు సరిపోయేలా శ్రుతి కలిపి, ఎడమచేతి వేలు తన మెట్టు మీద, పళ్లపొడి మెట్టు మీద మెత్తగా నొక్కి పట్టాడు.

వంటింట్లో పాట ఆగిపోయింది.

"ఏవండీ" అంది ఆవిడ లోపల్నుంచి. "ఆ పళ్లపొడిది వద్దు. పక్కది పట్టుకోండి."

కార్యక్రమం ఇంకా ప్రసారమే కాలేదు. తమ్ముడు ఫోను చేసి చెప్పాడో, లేక మొట్టమొదటి రోజు నుంచీ ఆవిడకు తెలుసో, మాస్టారు అడగలేదు. అడిగితే రెండోదే నిజమని తేలుతుందేమోనని భయపడ్డాడు. కడుపులో మంట ఎప్పటిలాగే లేచింది. దాన్ని అలాగే ఉండనిచ్చి, వేలిని ఒక నల్లమెట్టు పక్కకు జరిపాడు.

ఆవిడ మళ్లీ అందుకుంది. ఈసారి కింద ఆధారం ఉండేసరికి గొంతు విప్పి పాడింది. తన ఇంట్లో ఆవిడ అలా పాడగా మాస్టారు ఎప్పుడూ వినలేదు. వేలు నొప్పి పుట్టింది. అయినా పాట అయ్యేదాకా ఆ మెట్టు మీంచి తియ్యలేదు.